సోక్రటీసు కేసు: అభియోగంలో రాయని నేరం

"ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు అని చెప్పే ఏథెన్సు డెబ్బై ఏళ్ల వృద్ధుణ్ణి మాట్లాడినందుకు ఎలా చంపింది? విచారణ సక్రమంగానే జరిగిందా, లేక అంతా ముందే తేల్చేసుకున్న తంతా? పారిపోయే వీలుండి కూడా సోక్రటీసు ఎందుకు పారిపోలేదు?" అని మీరు అడిగారు. వచ్చే వేసవిలో ఏథెన్సు వెళ్తున్నామని, అక్కడ ఆయన జైలు చూపిస్తారంటే నమ్మవచ్చా అని కూడా రాశారు. ఆ జైలు సంగతి చివర్లో చెబుతాను.

నేను చరిత్ర ప్రొఫెసర్ని కాను. ముప్పై రెండేళ్లు జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు వాదించాను, ఎక్కువగా ముద్దాయిల తరఫున. వృత్తిలో చేరిన తొలి రోజుల్లో మా సీనియర్ గారు ఈ కేసును చదవమని ఇచ్చారు. అప్పటి నుంచి సోక్రటీసు శిష్యులు ప్లేటో రాసింది, జెనోఫన్ రాసింది మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాను. తత్వశాస్త్రం తెలిసినవారు ఈ కథలో ఆత్మ అమరత్వం గురించిన చర్చ చూస్తారు. నా కళ్లు మాత్రం ప్రతిసారీ అభియోగపత్రం మీదికే పోతాయి. అందుకే నా జవాబు ఒక వకీలు జవాబుగా ఉంటుంది.

ముందుగా మీ రెండో ప్రశ్న. విచారణ అక్షరాలా చట్టబద్ధంగానే జరిగింది. దొంగచాటు ఏదీ లేదు. ఫిర్యాదు నమోదైంది, ప్రాథమిక విచారణ జరిగింది, ఇరుపక్షాలకూ సమయం దొరికింది, ఓట్లు లెక్కపెట్టారు. అంత పద్ధతిగా జరిగి కూడా అలాంటి తీర్పు వచ్చిందంటే, లోపం ఆ పద్ధతిలోనే ఉందని నేను ముప్పై ఏళ్లుగా నమ్ముతున్నాను. అభియోగంలో రాసిన నేరం ఒకటి. జ్యూరీలో కూర్చున్నవాళ్ల మనసులో ఉన్న నేరం ఇంకొకటి. రెండోదాన్ని కాగితం మీద పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కాగితం మీద లేనిదానికి ముద్దాయి జవాబు చెప్పుకోలేడు.

క్రీ.పూ. 399 నాటి ఏథెన్సు కోర్టు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ మాట అర్థం కాదు. అక్కడ మనకు తెలిసిన అర్థంలో న్యాయమూర్తి లేడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేడు. వకాలతు పుచ్చుకుని వాదించే వృత్తి న్యాయవాదులూ లేరు. ఏ పౌరుడైనా ఇంకో పౌరుడి మీద కేసు వేయవచ్చు. వేసినవాడే వాదించాలి, ముద్దాయి తన వాదన తానే వినిపించుకోవాలి. ఏటా ముప్పై ఏళ్లు దాటిన 6000 మంది పౌరులు జ్యూరీ పనికి పేర్లు ఇచ్చేవారు. వారిలోంచి ఒక్కో కేసుకు కొన్ని వందల మందిని తీసుకునేవారు. సోక్రటీసు కేసుకు కూర్చున్నది 500 మంది, లేదా 501 మంది. రోజుకు మూడు ఓబోల్‌ల భత్యం ముట్టేది. పనివాడి రోజు కూలిలో అది సగం, కాబట్టి పని చేయలేని ముసలివాళ్లకు, పేదలకు ఆ డబ్బు అవసరమే. వాదనలకు గడియారం నీళ్ల కుండ: అడుగున ఉన్న గొట్టంలోంచి నీళ్లు కారిపోతే సమయం అయిపోయినట్టే. వాదనలు ముగిశాక జ్యూరీ సభ్యులు తమలో తాము చర్చించుకోరు. నేరుగా ఓటు వేస్తారు. తీర్పుకు కారణాలు రాయరు. అప్పీలు లేదు. మరణశిక్ష కేసైనా సూర్యాస్తమయంలోగా ముగిసిపోవాలి.

ఈ చివరి విషయం సోక్రటీసుకు గట్టిగానే తగిలింది. మరణశిక్ష కేసును ఒక్క రోజులో కాకుండా చాలా రోజులు విచారించాలనే చట్టం ఇతరులకు ఉన్నట్టే మీకూ ఉండి ఉంటే, మిమ్మల్ని ఒప్పించగలిగేవాణ్ణి అని ఆయన జ్యూరీతో అన్నట్టు ప్లేటో రాశాడు. ఇంతకాలం కోర్టుల్లో తిరిగినవాడిగా ఈ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. విచారణలు ఏళ్ల తరబడి సాగడం గురించి మనం రోజూ బాధపడతాం, అది న్యాయమైన బాధే. కానీ ఒక మనిషి ప్రాణం గురించి పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి తేల్చేయడం ఎంత ఘోరమో ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

ఫిర్యాది పేరు మెలెటస్. వయసులో చిన్నవాడు, అప్పటికి పెద్దగా పేరు లేనివాడు. అతని వెనక ఇద్దరున్నారు: లైకన్ అనే వక్త, అనిటస్ అనే రాజకీయ నాయకుడు. మతసంబంధమైన కేసులు చూసే అధికారిని 'రాజ ఆర్కన్' అనేవారు, పేరుకే రాజు. ఆయన కార్యాలయం అగోరా అనే నగర కూడలిలోని ఒక స్తంభాల మంటపం. అక్కడే ఫిర్యాదు నమోదైంది. దాని పాఠం అదృష్టవశాత్తు మనకు మిగిలింది. సారాంశం ఇది: నగరం కొలిచే దేవుళ్లను సోక్రటీసు గుర్తించడం లేదు, కొత్త దైవశక్తులను ప్రవేశపెడుతున్నాడు, ఇది నేరం. యువకులను చెడగొడుతున్నాడు, ఇదీ నేరం. కోరుతున్న శిక్ష: మరణం.

ఈ మూడు ముక్కలనూ ఒక డిఫెన్సు వకీలు కళ్లతో చూడండి. ఏ రోజున, ఏ చోట, ఎవరి ముందు, ఏం చేశాడు? ఏ దేవుణ్ణి కాదన్నాడు? ఏ యువకుణ్ణి చెడగొట్టాడు, ఆ యువకుడి పేరేమిటి? ఒక్కటీ లేదు. దైవదూషణ నేరాన్ని గ్రీకులో 'అసెబెయా' అంటారు. ఫలానా పని చేస్తే అసెబెయా అవుతుందని నిర్వచించిన చట్టపాఠమేదీ మనకు దొరకలేదు. అది నేరమా కాదా అన్నది ఆ రోజు కూర్చున్న 500 మందికి ఎలా తోస్తే అలా. ఇలాంటి అభియోగపత్రం నా చేతికి వచ్చి ఉంటే మొదటి వాయిదాలోనే కొట్టేయమని పిటిషను వేసేవాణ్ణి. ఏథెన్సులో అలా అడగడానికి ఎదురుగా న్యాయమూర్తి లేడు.

పక్కన పెట్టి చూడటానికి ఇంకో కేసు చెబుతాను, ఎందుకో దీన్ని ఎక్కువమంది ప్రస్తావించరు. దాదాపు అదే సమయంలో, ఏడాది అటూ ఇటూగా, ఆండొకిడీస్ అనే సంపన్నుడి మీద కూడా ఏథెన్సులో దైవదూషణ కేసు నడిచింది. ఎల్యూసిస్ రహస్య పూజల్లో పాల్గొనే హక్కు లేకున్నా పాల్గొన్నాడని ఆరోపణ. అందులో కనీసం ఒక నిర్దిష్టమైన పని ఉంది. అతనికి అండగా కోర్టుకు వచ్చిన పెద్దల్లో ఒకడు అనిటస్. అవును, సోక్రటీసు మీద కేసు వేయించిన అనిటస్ అతనే. ఆండొకిడీస్ నిర్దోషిగా బయటపడ్డాడు. అంటే అనిటస్ దైవదూషణ పేరు వింటేనే మండిపడే మతభక్తుడేమీ కాదు. మరి సోక్రటీసు మీద అతని పట్టుదల ఎక్కడిది?

అతని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సినిమాల్లో ప్రతినాయకుడిలా చూపించడం అతనికీ అన్యాయమే. తోళ్ల పరిశ్రమ ఉన్న కుటుంబం. క్రీ.పూ. 409లో పైలోస్ కోటను కాపాడే సైనిక బాధ్యత అప్పగిస్తే కాపాడలేకపోయాడు. ఆ కేసులో జ్యూరీకి లంచాలిచ్చి బయటపడ్డాడని, ఏథెన్సులో ఆ పని మొదట చేసింది అతనేనని తర్వాతి కాలంలో రాశారు. కానీ యుద్ధంలో ఓడాక స్పార్టా అండతో వచ్చిన ముప్పైమంది నియంతల పాలనలో దేశం విడిచిపోయి, ఆస్తులు పోగొట్టుకుని, ప్రజాస్వామ్యాన్ని తిరిగి నిలబెట్టినవాళ్లలో కూడా అతను ముందువరసలో ఉన్నాడు. తిరిగి వచ్చాక తన ఆస్తులు లాక్కున్నవాళ్లు ఎవరో తెలిసి కూడా వాళ్ల మీద కేసులు వేయలేదు. క్షమాభిక్ష ఒప్పందానికి కట్టుబడ్డాడు.

ఆ ఒప్పందమే ఈ కేసుకు తాళంచెవి అని నా అభిప్రాయం.

స్పార్టాతో ఏథెన్సు యుద్ధం క్రీ.పూ. 431లో మొదలై 404లో ఏథెన్సు లొంగుబాటుతో ముగిసింది. ఇరవై ఏడేళ్లు. యుద్ధం మొదలైన మరుసటి ఏడే మహమ్మారి వచ్చి ఊళ్లో కుప్పలుగా చచ్చిపోయారు. 415లో సిసిలీ మీదికి పంపిన మహాసేన రెండేళ్లలో తుడిచిపెట్టుకుపోయింది. ఆ దండయాత్రకు జనాన్ని ఊరించినవాడు ఆల్సిబయడీస్, సోక్రటీసు చుట్టూ తిరిగిన అందగాడు, మేధావి. తర్వాత అతనే స్పార్టా పక్షానికి వెళ్లి సొంత ఊరి గుట్టు విప్పాడు. ఓటమి తర్వాత స్పార్టా అండతో ముప్పైమంది ప్రభువులు గద్దెనెక్కారు. ఎనిమిది నెలల్లో దాదాపు 1500 మందిని చంపారు. వాళ్లలో అందరికంటే క్రూరుడు క్రిటియస్, ప్లేటో తల్లికి వరసకు అన్న. అతనూ ఒకప్పుడు సోక్రటీసు వెంట తిరిగినవాడే. వాళ్ల పాలనలో పైరియస్ రేవును ఏలిన పదిమందిలో ఒకడైన కార్మిడీస్ ప్లేటోకు మేనమామ, అతనిదీ అదే కథ.

403లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చింది. అప్పుడు ఏథెన్సు చేసిన పని నిజంగా గొప్పది. ముప్పైమందినీ, వాళ్ల కింద ముఖ్యమైన పదవులు చేసిన కొద్దిమందినీ మినహాయించి, మిగతా ఎవరి మీదా పాత పగలు తీర్చుకోకూడదని ఊరంతా ప్రమాణం చేసింది. 'జరిగిన చెడును గుర్తుపెట్టుకోను' అనేది ఆ ప్రమాణ వాక్యం. అన్నను చంపించినవాడి పక్కనే సంతలో నిలబడి కూరగాయలు కొనుక్కోవాలి, నోరెత్తకూడదు. అంతర్యుద్ధం తర్వాత ఒక నగరం అలా నిలదొక్కుకోవడం అరుదు.

దాని వల్ల సోక్రటీసుకు ఏమైందో ఇప్పుడు చూడండి. "క్రిటియస్‌ను తయారుచేసినవాడు ఇతనే" అనే మాటను అభియోగంలో రాయడానికి వీల్లేదు. ఆ కోపం మాత్రం ఊళ్లో ఇంటింటా ఉంది. జ్యూరీలో కూర్చున్న 500 మందిలో తండ్రినో కొడుకునో పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో ఊహించండి. దారి మూసుకుపోయిన ఆ కోపం 'యువకులను చెడగొట్టాడు' అనే రెండు ముక్కల్లోకి వచ్చి కూర్చుంది. ఇది నా ఊహ మాత్రమే కాదు. విచారణ జరిగిన యాభైనాలుగేళ్లకు, 345లో, ఎస్కినీస్ అనే వక్త ఏథెన్సు జ్యూరీ ముందే ఇంకో కేసులో వాదిస్తూ, క్రిటియస్‌కు చదువు చెప్పాడని తేలినందుకే మీరు సోక్రటీసును చంపారు అని మామూలుగా అనేశాడు. విన్నవాళ్లకు అది కొత్త విషయం అయినట్టు అతను మాట్లాడలేదు. జెనోఫన్ తన సోక్రటీసు జ్ఞాపకాల మొదట్లోనే పేజీల కొద్దీ క్రిటియస్, ఆల్సిబయడీస్‌ల ప్రస్తావనకు జవాబు చెప్పుకోవడమూ అందుకే.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. మతం అనేది పైకి వేసిన ముసుగు మాత్రమేనని కొందరు రాస్తారు. దాన్ని నేను ఒప్పుకోను. యుద్ధంలో ఓడి, మహమ్మారికి పిల్లలను పోగొట్టుకున్న జనం దేవతలకు మన మీద కోపం వచ్చిందా అని భయపడటం సహజం. అలాంటి చోట ఒక మనిషి తనకు చిన్నప్పటి నుంచి లోపల ఒక దైవస్వరం వినిపిస్తుందని, తప్పు పని చేయబోతే అది ఆపుతుందని బాహాటంగా చెబుతున్నాడు. పైగా 423లోనే అరిస్టోఫనీస్ తన 'మేఘాలు' నాటకంలో సోక్రటీసును బుట్టలో వేలాడుతూ సూర్యుణ్ణి పరిశీలించే వింత మనిషిగా, అప్పులు ఎగ్గొట్టే వాదనలు నేర్పే గురువుగా చూపించాడు. 399లో జ్యూరీలో ఉన్న యాభై ఏళ్ల మనిషికి ఆ నాటకం వచ్చినప్పుడు పాతికేళ్లు. నన్ను అసలు దెబ్బతీసింది మెలెటస్ కాదు, మీ చిన్నప్పటి నుంచి మీ చెవుల్లో పోసిన ఈ పాత ఆరోపణలే అని సోక్రటీసు తన వాదన మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. నీడతో కుస్తీ పట్టినట్టుంది, ఎదురుగా పిలిచి ప్రశ్నించడానికి సాక్షి ఎవరూ లేరు అన్నాడు. ముద్దాయి తరఫున వాదించిన ఎవరికైనా ఆ నిస్సహాయత తెలుస్తుంది.

ఇక ఆయన వాదన. లిసియస్ అనే ప్రసిద్ధ ప్రసంగ రచయిత ఒక చక్కని డిఫెన్సు ప్రసంగం రాసి ఇస్తే, బాగుంది గానీ నాకు నప్పదు అని తిప్పి పంపాడని ఒక కథ ఉంది. నిజమైనా కాకపోయినా మనిషి స్వభావానికి సరిపోయే కథ. అప్పట్లో ముద్దాయిలు భార్యాబిడ్డలను కోర్టుకు తెచ్చి ఏడిపించడం మామూలు. సోక్రటీసుకు ముగ్గురు కొడుకులు, ఒకడు కాస్త ఎదిగినవాడు, ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లను తీసుకురాను అని చెప్పి మరీ తీసుకురాలేదు. తనకంటే జ్ఞాని ఎవరైనా ఉన్నారా అని తన మిత్రుడు కేరెఫన్ డెల్ఫీ ఆలయంలో అడిగితే లేరని దైవవాణి చెప్పిందని, దాని అర్థం తెలుసుకోవడానికే రాజకీయ నాయకులను, కవులను, చేతిపనివాళ్లను ప్రశ్నిస్తూ తిరిగానని చెప్పాడు. జ్యూరీ గోల చేసింది. కేరెఫన్ ప్రజాస్వామ్య పక్షంవాడు, మీతోపాటే ప్రవాసం వెళ్లి మీతోపాటే తిరిగివచ్చాడు అని గుర్తుచేయడంలో మాత్రం ఒక చతురత ఉంది. క్రిటియస్ పేరెత్తకుండానే క్రిటియస్‌కు జవాబు చెప్పే ప్రయత్నం అది.

మెలెటస్‌ను ఆయన ప్రశ్నించిన తీరు క్రాస్ ఎగ్జామినేషన్‌గా చూస్తే అద్భుతం. నేను అసలు దేవుళ్లనే నమ్మనంటావా, లేక నగరం దేవుళ్లను నమ్మనంటావా అని అడిగాడు. అసలు నమ్మవు, సూర్యుడు రాయి అంటావు, చంద్రుడు మన్ను అంటావు అని మెలెటస్ నోరు జారాడు. అది అనక్సాగొరాస్ అనే తత్వవేత్త సిద్ధాంతం, ఒక డ్రాక్మా నాణేనికి దొరికే పుస్తకాల్లో ఉంది, దాన్ని నాకు అంటగడతావా అని సోక్రటీసు పట్టుకున్నాడు. కొత్త దైవశక్తులను తెచ్చానని నువ్వే రాసి, దేవుళ్లే లేరంటానని నువ్వే ఎలా అంటావు? సాక్షి చిక్కుకుపోయాడు. కానీ మా సీనియర్ గారు ఒక మాట అనేవారు: సాక్షిని ఓడించడం వేరు, న్యాయమూర్తిని గెలవడం వేరు. ఆ రోజు న్యాయమూర్తులు 500 మంది. తమ ముందు ఒక కుర్రవాణ్ణి నవ్వులపాలు చేసిన ముసలాయన తమనూ ఏదో ఒక సంతలో అలాగే చేశాడని వాళ్లలో కొందరికైనా గుర్తొచ్చి ఉంటుంది.

ఓట్లు దాదాపు 280, 220గా చీలాయి. ముప్పై ఓట్లు అటుది ఇటు అయి ఉంటే బయటపడేవాణ్ణి, ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు అని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఫిర్యాదికి అయిదోవంతు ఓట్లు కూడా రాకపోతే వెయ్యి డ్రాక్మాల జరిమానా కట్టాలన్నది నిబంధన. అనిటస్, లైకన్ తోడు రాకపోతే మెలెటస్ ఆ జరిమానా కట్టేవాడే అని కూడా అన్నాడు.

ఇప్పుడు కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం. ఈ నేరానికి చట్టం శిక్షను నిర్ణయించలేదు. ఫిర్యాది ఒక శిక్ష చెప్పాలి, ముద్దాయి ఇంకొకటి చెప్పాలి, జ్యూరీ ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. మధ్యేమార్గం లేదు. మన దగ్గర దోషి అని తేలాక శిక్ష విషయంలో ముద్దాయిని విడిగా వినాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. ఎన్నోసార్లు ఆ పావుగంటలోనే నేను ముద్దాయి ముసలి తల్లి గురించి, చంటిబిడ్డల గురించి చెప్పుకున్నాను. న్యాయమూర్తికి కొంత వెసులుబాటు ఉంటుంది, ఎంత తగ్గించాలో ఆయన ఆలోచిస్తారు. ఏథెన్సులో ఆ వెసులుబాటే లేదు. కాబట్టి తెలివైన ముద్దాయి దేశబహిష్కారం అడుగుతాడు, జ్యూరీ హాయిగా ఒప్పుకుంటుంది, కేసు వేసినవాళ్లకు కావలసిందీ బహుశా అదే. సోక్రటీసు ఏమన్నాడు? నేను నగరానికి మేలు చేశాను, ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు నాకు సభామందిరంలో జీవితాంతం ఉచిత భోజనం పెట్టడమే తగినది అన్నాడు. తర్వాత, డబ్బు కట్టగలిగితే ఒక మీనా, అంటే వంద డ్రాక్మాలు, కడతానన్నాడు. చివరికి ప్లేటో, క్రీటో, క్రీటో కొడుకు క్రిటొబులస్, అపొలొడొరస్ జామీను ఉంటామంటే ముప్పై మీనాలు అన్నాడు. ముప్పై మీనాలంటే 3000 డ్రాక్మాలు, నైపుణ్యం ఉన్న పనివాడి ఎనిమిదేళ్ల కూలి. సోక్రటీసు ఇల్లూ వాకిలీ మొత్తం అమ్మినా అయిదు మీనాలకు మించి రావు.

మరణశిక్షకు పడిన ఓట్లు ముందుకంటే ఎనభై పెరిగాయని తర్వాతి కాలపు జీవితచరిత్రకారుడు డయోజెనీస్ లయర్షియస్ రాశాడు. అంటే నిర్దోషి అన్నవాళ్లలోనే ఎనభైమంది మరణశిక్షకు ఓటు వేశారు. ఇది విన్నవాళ్లందరికీ అర్థం కాని లెక్కలా కనిపిస్తుంది. ఉచిత భోజనం మాట తర్వాత వచ్చిన ఏ జరిమానా మాటా వాళ్ల చెవికి ఎక్కలేదని నేను అనుకుంటాను.

అయితే ఆయన చావు కోరుకున్నాడా? జెనోఫన్ దాదాపు అవునంటాడు: ముసలితనం బాధలు పడేకంటే ఇదే మేలనుకున్నాడని. కానీ జెనోఫన్ అప్పుడు పర్షియా దండయాత్రలో ఉన్నాడు, విచారణ చూడలేదు. కోర్టులో ఉన్న ప్లేటో చెప్పేది వేరుగా ఉంది, నేను ప్లేటో వైపే మొగ్గుతాను. చావాలనుకున్నవాడు ముప్పై మీనాల జామీనుకు ఒప్పుకోడు. ఆయన ఒప్పుకోనిది ఒక్కటే: తన పని మానేస్తానని మాట ఇవ్వడం. ఇక మీదట ఎవరినీ ప్రశ్నించకుండా ఉంటే వదిలేస్తామన్నా వినను అని వాదనలోనే స్పష్టంగా చెప్పేశాడు. పరీక్షించి చూసుకోని బతుకు మనిషి బతకదగ్గది కాదన్న ప్రసిద్ధ వాక్యం వేదాంతంగా అన్నది కాదు. నోరు మూసుకుని వేరే ఊళ్లో బతకవచ్చు కదా అన్నవాళ్లకు, శిక్ష ఖరారయ్యే ముందు చెప్పిన జవాబు.

తీర్పు తర్వాత మామూలుగా ఆలస్యం ఉండదు. కానీ విచారణకు ముందురోజే డీలోస్ ద్వీపానికి వెళ్లే పవిత్ర నౌకకు పూలమాల వేశారు. పురాణ వీరుడు థీసియస్ పూర్వం ఏథెన్సు పిల్లలను క్రీటు నుంచి కాపాడినందుకు ఏటా తీర్చుకునే మొక్కు అది. ఆ నౌక తిరిగి వచ్చేదాకా నగరంలో ఎవరికీ మరణశిక్ష అమలు చేయకూడదు. ఆ ఏడు అది ఆలస్యమై ముప్పై రోజులు పట్టింది. ఆ నెలలోనే ఒకరోజు తెల్లవారకముందే క్రీటో జైలుకొచ్చి, నిద్రపోతున్న స్నేహితుణ్ణి లేపకుండా పక్కన కూర్చున్నాడు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు, ఒకే పేట. లేచాక బతిమాలాడు: కాపలావాడు మనవాడే, ఇవ్వాల్సిన డబ్బు కూడా పెద్దదేమీ కాదు, థీబ్స్ నుంచి సిమ్మియస్ డబ్బు తెచ్చి ఉంచాడు, థెస్సలీలో నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకునేవాళ్లున్నారు, పిల్లలను అనాథలను చేస్తావా?

మీ మూడో ప్రశ్నకు జవాబు సోక్రటీసు అతనితో చెప్పిన మాటల్లోనే ఉంది. చట్టాలే మనుషుల్లా వచ్చి ఎదురుగా నిలబడితే ఏమంటాయో ఊహించాడు. డెబ్బై ఏళ్లు మా నీడలో బతికావు, నచ్చకపోతే ఆస్తి తీసుకుని ఎప్పుడైనా వెళ్లిపోవచ్చని మేమే అన్నాం, సైన్యంలో తప్ప దాదాపు ఊరు దాటలేదు. విచారణలో దేశబహిష్కారం కోరుకునే వీలుండి కూడా కోరుకోలేదు. మాకు నచ్చజెప్పు, లేదా మేం చెప్పింది చేయి. తీర్పు వ్యతిరేకంగా వచ్చిందని ఇప్పుడు మమ్మల్ని కాలరాసి పోతావా?

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. కోర్టులో 'మీరు ఆజ్ఞాపించినా ప్రశ్నించడం మానను' అన్న మనిషి జైల్లో 'చట్టానికి తలవంచాలి' అనడం పరస్పర విరుద్ధం కాదా? కాదని చూపించడానికి ఆయన గతంలో చేసిన రెండు పనులు చాలు. 406లో అర్జినూసాయ్ నౌకాయుద్ధం గెలిచి కూడా, తుఫానులో మునిగినవాళ్లను కాపాడలేదని సేనానులను విడివిడిగా కాకుండా మూకుమ్మడిగా విచారించాలని ప్రజాసభ పట్టుబట్టింది. అది చట్టవిరుద్ధమని సభా నిర్వాహకుల్లో చివరిదాకా నిలబడ్డవాడు సోక్రటీసు ఒక్కడే. జనం అరుస్తున్నా కదలలేదు. చివరికి ఆరుగురిని చంపారు, తర్వాత పశ్చాత్తాపపడ్డారు. 404లో ముప్పైమంది నియంతలు ఆయన్నూ ఇంకో నలుగుర్నీ పిలిచి, సలామిస్ వెళ్లి లియాన్ అనే అమాయకుణ్ణి చంపడానికి పట్టుకురమ్మన్నారు. నలుగురూ వెళ్లారు. సోక్రటీసు తిన్నగా ఇంటికి పోయాడు. నియంతలు కూలిపోకపోతే అప్పుడే చచ్చేవాడు. ఇతరులకు అన్యాయం చేయమని ఎవరు ఆజ్ఞాపించినా, జనం అయినా నియంతలయినా, చేయడు. తనకు జరిగిన అన్యాయానికి బదులుగా తానొక తప్పు చేయమన్నా చేయడు. క్రిటియస్ అనే శిష్యుడి కథ చెప్పుకునేవాళ్లు లియాన్ కథ ఎందుకు మర్చిపోయారో అన్నదే నాకు ఎప్పటికీ తీరని బాధ.

ఆఖరి రోజు నౌక వచ్చేసింది. జైళ్లు చూసే పదకొండుమంది అధికారులు సంకెళ్లు తీయించారు. భార్య జాంథిపి చిన్న కొడుకును ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే ఇంటికి పంపించాడు. మిత్రులు పన్నెండు పదిహేను మంది ఉన్నారు. ప్లేటో లేడు, జబ్బుగా ఉందనుకుంటాను అని ఆ కథ చెప్పే ఫీడో నోట ప్లేటోనే చెప్పించాడు. ఆడవాళ్లకు శవస్నానం శ్రమ లేకుండా తానే ముందుగా స్నానం చేసి వచ్చాడు. చీకటి పడ్డాక కూడా చాలామంది తిని తాగి నెమ్మదిగా విషం తీసుకుంటారు, తొందరేముంది అని క్రీటో అంటే, ఆలస్యం చేసి నేను సాధించేదేమీ లేదు అన్నాడు. దేవతలకు ఒక చుక్క ధారపోయవచ్చా అని అడిగితే, సరిపడా మాత్రమే నూరతాం అని విషం తెచ్చినవాడు చెప్పాడు.

ప్లేటో ఆ విషం పేరు చెప్పలేదు, 'మందు' అన్నాడంతే. అది హెమ్లాక్ అని గుర్తించారు. మన కొత్తిమీర, జీలకర్ర, వాము ఉన్న కుటుంబంలోదే ఆ మొక్క. కాళ్లు బరువెక్కేదాకా నడిచి తర్వాత పడుకోమన్నాడు ఆ మనిషి. పాదం గట్టిగా నొక్కి తెలుస్తోందా అని అడిగాడు, లేదన్నాడు. తిమ్మిరి కాళ్ల నుంచి పైకి పాకింది. కండరాలు చచ్చుబడి చివరికి ఊపిరి ఆగుతుంది, తెలివి మాత్రం ఉంటుంది. ఆ విషం అప్పటికి అయిదేళ్ల కిందట క్రిటియస్ తన సొంత సహచరుడు థెరామినీస్‌కు తాగించినదే. నడుము దాకా చల్లబడ్డాక సోక్రటీసు ముఖం మీది గుడ్డ తొలగించి, "క్రీటో, అస్క్లీపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం, ఇచ్చెయ్, మర్చిపోకు" అన్నాడు. అస్క్లీపియస్ వైద్య దేవుడు. బతుకు అనే జబ్బు నయమైందని మొక్కు తీర్చుకున్నాడని చాలామంది అర్థం చెబుతారు. నాకు ఆ అర్థం నచ్చదు, బతుకును జబ్బుగా చూసిన మనిషిలా ఆయన ఎన్నడూ కనిపించలేదు. నగరం దేవుళ్లను కొలవడనే నేరానికి చస్తున్నవాడు చివరి ఊపిరితో అడిగింది నగరం దేవుడి మొక్కు తీర్చమని. నేను అక్కడితో ఆగిపోతాను.

తర్వాత ఏథెన్సు పశ్చాత్తాపపడి మెలెటస్‌ను చంపిందని, విగ్రహం పెట్టిందని కథలున్నాయి. పశ్చాత్తాపం మాట అప్పటివాళ్లు ఎవరూ రాయలేదు. అది వందల ఏళ్ల తర్వాతి రాతల్లో కనిపిస్తుంది. ఎస్కినీస్ ఆ మాట అంత నిబ్బరంగా అనగలిగాడంటే జనానికి పెద్ద పశ్చాత్తాపం కలగలేదనే నేను అనుకుంటాను.

ఇక మీ ప్రయాణం. ఫిలొపాపస్ కొండ మీద 'సోక్రటీసు జైలు' అని బోర్డు ఉన్న రాతి గదుల్లో ఆయన ఎప్పుడూ లేడు. రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూజియం వస్తువులు దాచడానికి ఆ గదులు ఉపయోగపడ్డాయి, అదొక మంచి చరిత్రే. అసలు జైలు అయి ఉండగల కట్టడం పునాదులు అగోరాకు నైరుతి దిక్కున ఉన్నాయి. వసారాకు అటూ ఇటూ వరసగా గదులు, తవ్వకంలో పదమూడు చిన్న మట్టి మందుసీసాలు దొరికాయి. అక్కడికి వెళ్లే ముందు మాత్రం ఏడ్రియాను వీధి పక్కన, రైలు పట్టాల దగ్గర 1970లో బయటపడిన రాజ ఆర్కన్ మంటపం చూడండి. పెద్దగా మిగలలేదు, చాలామంది చూడకుండానే దాటిపోతారు. మెలెటస్ ఫిర్యాదు ఇచ్చింది అక్కడే. దాని ముందు ఒక పెద్ద రాతి పలక ఇంకా ఉంది. చట్టాలను కాపాడతామని ఏటా కొత్త ఆర్కన్లు దాని మీద నిలబడి ప్రమాణం చేసేవారు. తన కేసు ప్రాథమిక విచారణకు వచ్చిన రోజు సోక్రటీసు ఆ రాయి పక్క నుంచే లోపలికి నడిచి ఉంటాడు.